తంగెళ్లగండి కపాలం

వైశాఖ బహుళ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

నడినెత్తిన నిప్పులు చెరగవలసిన సూర్యుడు నల్లటి మేఘాల మాటున నెత్తుటి ముద్దలా మసకబారి ఉన్నాడు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. గండికి రెండు వైపులా నిలిచిన నల్లరాతి గుట్టలు ఊపిరి బిగబట్టి దేనికోసమో కాచుకున్నట్టున్నాయి. ఎక్కడో ఒక గుడ్లగూబ... పట్టపగలు... గొంతు చించుకుని అరిచింది! దూరాన ఉరుము దానికి బదులు పలికింది.

గండి శిఖరాన, బండి చక్రాలు తరతరాలుగా ఒరుసుకుని రాతిలో కోసిన రెండు లోతైన గాడుల నడుమ, మంత్రాల సిద్ధయ్య పద్మాసనం వేసి ఉన్నాడు. ఒంటినిండా శ్మశాన భస్మం. నుదుట అరచేయంత కుంకుమ. ఎదుట పసుపు, బొగ్గుపొడి, ఎర్రమన్నుతో గీసిన అష్టకోణ యంత్రం. దాని నాలుగు దిక్కులా ఆముదపు దీపాలు... గాలి లేకున్నా వాటి జ్వాలలు వణుకుతున్నాయి!

"తెచ్చినవా?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

ఉప్పలయ్య చంకలోని గోనెసంచి విప్పాడు. యాభై ఏళ్లుగా ఎడ్ల పగ్గాలు పట్టి మొద్దుబారిన చేతులు అవి. సంచిలోంచి మట్టి కొట్టుకుపోయిన కపాలం ఒకటి దొర్లి యంత్రం నడుమకు... ఎవరో చేత్తో పెట్టినట్టు... వెళ్లి ఆగింది!

సిద్ధయ్య కళ్లు తెరిచాడు.

"ఎవలదిది?"

"తొవ్వల పోయేటామెది సామీ. గత్తరతోని సచ్చింది."

"పేరు?"

"తెల్వది."

"అయినోళ్లు?"

"తెల్వది."

సిద్ధయ్య నవ్వాడు. గుట్టలు ఆ నవ్వును పట్టుకుని అటూ ఇటూ విసురుకున్నాయి. "పేరు తెల్వని పీనుగ... ఏడ్సెటోళ్లు లేని పీనుగ! దీన్ని పేరు పెట్టి పిలిచెటోడు రానన్ని దినాలు ఇది నా మాట దాటది. పో... గింక నీ ఎడ్లకు పని దొరుకుతది."

ఆమె ఎట్లా చచ్చిందో అతడు అడగలేదు. అడగనందుకు ఉప్పలయ్య లోలోపల బతుకుజీవుడా అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తంగెళ్లగండి గుట్ట మీది ఊరు. మొత్తం నలభై గడపలు. సిద్దిపేట నుంచి మద్దూరు, ధూళిమిట్టల మీదుగా జనగామ రైలు టేషన్‌కు పోయే బండ్లన్నీ ఆ గండి ఎక్కి దిగవలసిందే. ఆముదాలు, పల్లికాయ, తోళ్లు అటు పోయేవి. ఉప్పు, గ్యాసునూనె, నూలు ఇటు వచ్చేవి. నిటారైన ఎక్కుడు. బండికి ముందు ఇంకో జత ఎడ్లను కడితే తప్ప చక్రం కదలదు. ఆ ఎడ్లను కట్టి బండ్లను గుట్ట ఎక్కించడమే ఊరి బతుకు. తొవ్వకు కాపలాగా ఏ కాలంలోనో నాలుగు ఇండ్లవాళ్లను తెచ్చి అక్కడ దింపారట. వాళ్ల పిల్లలే ఊరయ్యారు. ఎక్కి వచ్చినవాడు ఏ కులంవాడైనా, ఏ ఊరివాడైనా, ముందు చెంబెడు నీళ్లు, ఆ తర్వాతే మాట. అది ఆ ఊరి కట్టుబాటు. చుట్టుపక్కల "గండోళ్లు" అంటే అదొక మర్యాద.

ఆ మర్యాద పందొమ్మిది వందల నలభై మూడు ఎండాకాలంలో మంట గలిసింది.

ఆ ఏడు గత్తర... అదే కలరా... వచ్చింది. కింది పల్లెల్లో పీనుగులను మోసేవాళ్లు లేరు. పటేల్ బాలనర్సయ్య గండికి అడ్డంగా ముళ్లకంప వేయించి, ఎవరు వచ్చినా తలుపు తీయవద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఎక్కుడు మీద మొదటి ఇల్లు ఉప్పలయ్యది. ఒకనాడు పొద్దెక్కేవేళ ఒక ఆడమనిషి గుట్ట పాకి వచ్చింది. తోటివాళ్లు కిందనే వదిలేసి పోయి ఉంటారు. కంప కింద దూరి, చర్మం చీరుకుపోయి, వచ్చి అతని గడప ముందు పడిపోయింది.

"అన్నా... దూపైతుందే... గుక్కెడు నీళ్లు..."

భార్య కొండవ్వ చెంబు ముంచుకుని లేచింది. ఉప్పలయ్య గొళ్లెం మీద చెయ్యి పెట్టాడు.

"తియ్యకు."

"ఆడమనిషయ్యా..."

"తీస్తే మనం సస్తం. ఊరు సస్తది. కూసో."

కొండవ్వ కూర్చుంది. చెంబు ఆమె ఒడిలోనే ఉంది. ఆ గొంతు మధ్యాహ్నం దాకా అడిగింది. పొద్దు వాలేదాకా అడిగింది. పక్క ఇంటికీ, ఆ పక్క ఇంటికీ వినిపించింది. ఏ తలుపూ తెరుచుకోలేదు. పొద్దుగూకే వేళ పటేల్ దొడ్డిదారిన వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, "ఆగిందా?" అని అడిగాడు.

"ఆగింది," అన్నాడు ఉప్పలయ్య.

అతడే ఈడ్చుకుపోయి గండి పక్కన రాళ్ల కింద పూడ్చాడు. ముఖం చూడలేదు. ఆ తర్వాత మూడేళ్లు ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఆ మాట ఎత్తలేదు. ఇంకే మాట కూడా సరిగ్గా ఎత్తలేదు.

నలభై ఐదులో గుట్టల కింద నుంచి మోటారు సడక్ పడింది. బండ్లన్నీ చదునుబాట పట్టాయి. గండి మీద గడ్డి మొలిచింది. ఎడ్లను తెగనమ్ముకుని ఒక్కొక్క ఇల్లే ఖాళీ అవుతుంటే... మంత్రాల సిద్ధయ్య వచ్చాడు! తొవ్వను మళ్లీ గుట్ట ఎక్కిస్తానన్నాడు. తొవ్వలో దిక్కులేని చావు చచ్చినవాళ్ల కపాలం ఒక్కటి కావాలన్నాడు. పటేల్ అందరి మొహాలూ చూశాడు. అందరూ ఉప్పలయ్య మొహం చూశారు. ఉప్పలయ్య లేచి గడ్డపార అందుకున్నాడు.

ఇదిగో... ఆ కపాలమే ఇది!

సిద్ధయ్య కోడి మెడ కొరికి నెత్తురు కపాలం మీద పోశాడు. "హ్రీం... క్రీం... ఉత్తిష్ఠ! ఉత్తిష్ఠ!" ఫెళఫెళార్భాటంగా పిడుగు ఎదుటి గుట్ట మీద పడింది! దీపాలు నీలంగా మారాయి. కపాలం కంటిగుంటల్లోంచి సన్నని పొగ లేచి... గాలిలో ఆడమనిషి ఆకారం కట్టి... కుక్కలా నేలబారున వంగి... గుట్ట దిగి సడక్ వైపు సాగిపోయింది! పోతూ పోతూ ఒక్కసారి ఉప్పలయ్య వైపు తిరిగింది. అతడు ఈసారి కూడా ముఖం చూడలేదు. కళ్లు మూసుకున్నాడు.

వారం తిరగకముందే సడక్ మీద భయం పుట్టింది. పట్టపగలు, ఎండ నిప్పులు కక్కేవేళ, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బండికి అడ్డం వచ్చి నీళ్లు అడుగుతుందట! కుండ వంచితే కుండలో నీళ్లుండవట! ఎడ్లు బెదిరి గోతుల్లో పడ్డాయి. ఒక మోటారు చెట్టుకు గుద్దుకుంది. బండ్లవాళ్లు దండం పెట్టి పాత తొవ్వకు మళ్లారు. తంగెళ్లగండిలో మళ్లీ ఎడ్ల గంటలు మోగాయి. ఊరంతా యాటను కోసి పండగ చేసుకుంది. సిద్ధయ్యకు బాటసారుల పాత సరాయిలో మకాం ఇచ్చి, పళ్లెంలో అన్నం పెట్టి మొక్కారు.

ఉప్పలయ్య ముద్ద నోట పెట్టుకుంటే మన్ను రుచి వచ్చేది.

మద్దూరు బండి భిక్షపతి దయ్యాలను నమ్మే మనిషి కాదు. ఇరవై ఏళ్లుగా అతని బండిని ఉప్పలయ్యే గుట్ట ఎక్కించాడు. ఎక్కుడు సగంలో "హో... హైహై... పట్టు నాయినా పట్టు!" అని ఎడ్లను భిక్షపతి హుషారు చేసే కేక మూడు గుట్టల అవతలికి వినబడేది. అంత పాత దోస్తు, మొండిగా సడక్ మీదే పోయాడు. మూడోనాడు అతడి శవం దొరికింది. ఒంటి మీద గాయం లేదు. నీళ్ల కుండను రెండు చేతులతో కరుచుకుని, నాలుక బయట పడి, పెదవులు ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉన్నాడు! శవాన్ని తేబోయినవాళ్లు సడక్‌కు జడిసి పీనుగను గండి మీదుగా తెచ్చారు. ఆ బండికి ముందు ఎడ్లు కట్టి గుట్ట ఎక్కించవలసింది కూడా ఉప్పలయ్యే.

కట్టాడు. ఎక్కించాడు. ఆ ఎక్కుడంతా ఒక్క కేక లేదు.

బండి దాటిపోయాక కొండవ్వ గడపలో నిలబడి అడిగింది. "గాయన పెదవులు సూసినవా?"

అతడు పగ్గం చుట్టుకుంటున్నాడు.

"గా పిల్ల పెదవులు గట్లనే ఉండెనా?" మూడేళ్లలో మొదటిసారి. "పూడ్సినోనివి నువ్వు. జెప్పు."

"నేను సూడలే."

"ఆమె పుర్రె తీసుకపోయి ఇచ్చింది నువ్వే గదా?"

కొండవ్వ తల మెల్లగా ఒక పక్కకు వాలింది. మెడనరాలు ఉబ్బాయి. కనుగుడ్లు వెనక్కి తిరిగి తెల్లగుడ్లు మిగిలాయి. ఆమె గొంతులోంచి... ఆమెది కాని గొంతు!

"అన్నా... దూపైతుందే..."

ఆనాటి నుంచి ఆమె బిందెలకు బిందెలు తాగింది. తాగినకొద్దీ పెదవులు పగిలాయి! పగలంతా గడప అవతల నేల మీద పడి, తన ఇంటి తలుపునే తాను గోళ్లతో గీరేది. ఆ చప్పుడు ఉప్పలయ్యకు తెలుసు. మూడేళ్ల కింద లోపలి వైపు నుంచి విన్నాడు.

సిద్ధయ్య వచ్చి చూసి మీసం దువ్వుకున్నాడు. "పీనుగకు ఒళ్లు కావాలె. గీమె ఒళ్లు రుచి తగిలింది. ఇచ్చేస్తే ఎన్నటికి నాకు కట్టుబడి ఉంటది. తొవ్వ మీకే. ఇయ్యకుంటే సడక్ ఇడిసి మీ ఊరి మీద పడ్తది. అమాస నాడు, నడిపొద్దున... కట్టుకున్నోని చేతితోని ఒక్క గాటు. అంతే!"

ఆషాఢ బహుళ అమావాస్య. మళ్లీ ఆ గండి... మళ్లీ ఆ మిట్టమధ్యాహ్నం!

కాటుక పూసినట్టు కమ్ముకున్న మేఘాలు. కొండల గుండెలు అదిరేలా ఉరుములు. ఈసారి ఒక్క గుడ్లగూబ కాదు... రాయికొకటి కూర్చుని రెప్పవేయకుండా చూస్తున్నాయి! ఊరిలో మిగిలిన జనం తలలు వంచుకుని నిలబడ్డారు. గాడుల పక్కనున్న రాతి గుంజకు కొండవ్వను తాళ్లతో కట్టారు. సిద్ధయ్య గాడుల నడుమ తన యంత్రంలో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, కపాలాన్ని ఎడమచేత ఎత్తి, కుడిచేతి కత్తిని ఉప్పలయ్యకు అందించాడు.

"కొయ్యి!"

పటేల్ బాలనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. "ఉప్పలయ్యా... ఊరంత నీ చేతిల ఉన్నదిరా..." అని, అతని కళ్లలోకి చూడలేక పక్కకు తిరిగాడు.

ఉప్పలయ్య నడిచాడు. నాలుగే అడుగులు. దగ్గరికి రాగానే కొండవ్వ కనుగుడ్లు యథాస్థానానికి దిగాయి. ముప్పై ఏళ్లుగా తెలిసిన చూపు.

"ఏమయ్యా... నేనే. గిప్పుడు నేనే మాట్లాడుతున్న. కొయ్యి. ఆమె దూప నా గొంతుల ఉన్నది. నాతోని అయితలేదు." పగిలిన పెదవుల మీద నెత్తురు చిమ్మింది. "ఆనాడు నీ చెయ్యి నూకేసి తలుపు తియ్యకపోతిని. నేను కూసుంటినయ్యా... చెంబు పట్టుకుని కూసుంటిని..."

కత్తి అతని చేతిలోంచి జారి రాతి మీద ఖంగుమంది. ఆమె పాపం కాదు అది. గొళ్లెం మీద ఉన్న చెయ్యి తనది.

అతడు జనం వైపు తిరిగాడు.

"ఇనున్రి!" గొంతు చీరుకుపోయింది. "గీ పిల్ల గత్తరతోని సావలే. దూపతోని సచ్చింది! నా గడప ముందట పొద్దెక్కినకాడి నుంచి పొద్దుగూకేదాక అడిగింది. నా పెండ్లాం లేస్తే నేనే ఆపిన. పానం తీపికి ఆపిన. సచ్చినంక ఈడ్చి రాళ్ల కింద పడేసిన. ఆమె పుర్రెను తవ్వి మల్ల గీనికి అమ్ముకున్న. భిక్షపతిని సంపింది ఆమె కాదు... నేను! కొయ్యాలెనంటే నన్ను కొయ్యున్రి!"

జనంలో కలకలం. సిద్ధయ్య హుంకరించాడు. "నోరు ముయ్యి!"

గుంపులోంచి ముసలి కనకవ్వ ముందుకు వచ్చింది. "నేను సుత ఇన్న. మా గోడ పక్కనే గదా. చెవులు మూసుకున్న."

"నేను ఇన్న," అన్నాడు ఇంకొకడు.

"నేనూ..."

పటేల్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఆగిందా అని అడిగినోన్ని నేను..."

ఉప్పలయ్య కొండవ్వ ముందు నేల మీద సాగిలపడ్డాడు. "తల్లీ... ఆనాడు నీళ్లియ్యలే. పేరు సుత అడుగలే. గిప్పుడు అడుగుతున్న. నీ పేరేందమ్మా?"

"అడుగకు!" సిద్ధయ్య కెవ్వున అరిచాడు. ఆ గొంతులో మొదటిసారి భయం! గుప్పెడు భస్మం విసిరాడు. నడుముకున్న ఎముక లాగి ఉప్పలయ్య వీపు మీదకు గిరాటేశాడు. "అడుగకురా! కట్టు తెగుతది! అందరం సస్తం!"

కొండవ్వ నోరు తెరుచుకుంది.

"సాయవ్వ... సాలోళ్ల సాయవ్వను... ధూళిమిట్ట... మా అవ్వ లచ్చవ్వ..."

"సాయవ్వా!" ఉప్పలయ్య ఎలుగెత్తి పిలిచాడు. "సాయవ్వా... నా చెల్లే!"

"సాయవ్వా!" జనమంతా ఒక్క గొంతుతో ఏడ్చారు.

ఫెటేల్! కపాలం సిద్ధయ్య చేతిలో నిలువునా పగిలింది! తాళ్లు పటపటా తెగాయి. కొండవ్వ వాడిన తీగలా ఉప్పలయ్య చేతుల్లోకి ఒరిగింది. దీపాలు నాలుగూ ఒక్కసారే ఆరిపోయాయి. గుడ్లగూబలు రెక్కలు టపటపలాడించుకుంటూ లేచిపోయాయి. తర్వాత... నిశ్శబ్దం!

ఆ నిశ్శబ్దంలో, గుట్ట కింద ఎక్కడో... గణగణ... గణగణ... ఎడ్ల గంటలు!

ఒక బండి కాదు. పది కాదు. వందలు... వేలు! ఇరుసుల కీచుశబ్దం, గిట్టల చప్పుడు, తోలేవాళ్ల అదలింపులు... ఆ తొవ్వ పుట్టిన నాటి నుంచి దాని మీద నడిచి, దాని మీదే చచ్చిన బాటసారులందరూ ఒక్కసారి ఎక్కుడు ఎక్కుతున్నట్టు! కళ్లకు మాత్రం ఏమీ కనబడదు. ఖాళీ తొవ్వ. లేచిన ధూళి.

"ఎవలు? ఎవలు తోలుతున్నరు?" సిద్ధయ్య పక్కకు దూకబోయాడు. కాళ్లు గాడుల్లో అతుక్కుపోయాయి. తన యంత్రమే తనను పట్టుకుంది! "ఆపున్రి! క్రీం... హుం... ఆపున్రి! నేను సిద్ధయ్యను! నా మాట ఇనున్రి!"

బండ్లు ఆగలేదు. అన్నిటికంటే ముందున్న బండి మీద నుంచి ఒక కేక మూడు గుట్టలూ దద్దరిల్లేలా లేచింది.

"హో... హైహై... పట్టు నాయినా పట్టు!"

ఆ కేక ఎవరిదో ఉప్పలయ్యకు ఎవరూ చెప్పనక్కరలేదు!

సిద్ధయ్య మోకాళ్ల మీద ఏదో ఎక్కింది. ఎముకలు నుగ్గునుగ్గయ్యాయి. ఆర్తనాదం సగంలో తెగింది. దాని వెనుక ఇంకో చక్రం... ఇంకో చక్రం... గాడుల వెంట నెత్తుటి చారలు రెండు, ఎవరో గీత గీసినట్టు, గండి దాటి అవతలి దిగుడు దాకా సాగిపోయాయి. గంటలు దూరమయ్యాయి. సన్నగిల్లాయి. ఆగిపోయాయి. అప్పుడు వాన పడింది. ఆ వానలో అందరూ తడుస్తూ నిలబడ్డారు. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేకపోయారు.

ఆ తర్వాత సడక్ మీద ఎవరికీ ఏమీ కనబడలేదు. బండ్లు చదునుబాటకే పోయాయి. రెండు పంటలు తిరిగేసరికి తంగెళ్లగండిలో పన్నెండు గడపలే మిగిలాయి. ఆ ఊసు ఎత్తి బాధపడినవాడు ఊళ్లో లేడు.

వాన వెలిసిన మూడోనాడు ఉప్పలయ్య, కొండవ్వ రాళ్ల కింది ఎముకలన్నీ, పగిలిన కపాలం ముక్కలూ ఏరి కొత్త గుడ్డలో మూటగట్టి ధూళిమిట్టకు నడిచారు. సాలోళ్ల వాడలో లచ్చవ్వ ఇల్లు చూపించారు. ముసలామె అరుగు మీద నూలు చుడుతోంది.

"ఎవలు కావాలె బిడ్డా?"

కొండవ్వ అంది. "సాయవ్వ సంగతి చెప్పనీకి వచ్చినం అవ్వా."

ముసలామె మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూడటం ఉప్పలయ్యకు సిద్ధయ్య చావు చూడటం కంటే కష్టమైంది. "నా బిడ్డనా? యాడున్నది? సిద్దిపేటకు నూలుకు పోయి రాకపాయె. ఎంట పోయినోళ్లు తెల్వదన్నరు. భివండి మగ్గాల దిక్కు పోయిందేమో, పైసలు కూడబెట్టుకుని వస్తదిలే అనుకున్న. మూడేండ్లాయె. మీ ఎంట వచ్చిందా?" అంటూ వాళ్ల వెనక్కి తొంగి చూసింది.

ఉప్పలయ్య మూటను ఆమె ముందు దించి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెప్పాడు. ఏదీ దాచలేదు. గొళ్లెం సంగతి చెప్పాడు. గడ్డపార సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలోని నూలు అట్లాగే ఉంది.

లచ్చవ్వ నూలు పక్కన పెట్టి అడిగింది. "నా పేరు తీసిందా?"

"తీసింది అవ్వా."

ఆమె మూటను ఒడిలోకి లాక్కుంది. గుడ్డ మీద నుంచే చేత్తో తడిమింది, పసిపిల్లను తడిమినట్టు. ఏడవలేదు. తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు.

"నా కొడుకులు మగ్గాల కాడ ఉన్నరు," అంది చివరికి. "దాని మేనమామ పక్కింట్ల ఉంటడు. అందరిని పిలుస్త. గాడనే కూసో. లేవకు. వాళ్ల ముందట మల్ల మొదటిసంది చెప్పు."

ఉప్పలయ్య కదలకుండా కూర్చున్నాడు. ఒక్కొక్కరే వచ్చి అరుగు చుట్టూ నిలబడ్డారు. అతడు తల ఎత్తి, ఈసారి ప్రతి ముఖమూ చూస్తూ, మొదలుపెట్టాడు.